క్లోరిన్ వేశాక కూడా ఆసుపత్రి మురుగులో ఎన్‌డీఎం జన్యువు ఎందుకు కనిపిస్తోంది?

నల్లగొండ_ల్యాబ్:
నేను ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో చేస్తున్నాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మా ఈటీపీ (మురుగు శుద్ధి ప్లాంటు)లోకి పోయే నీళ్లు, బయటికొచ్చే నీళ్లు రెండూ మెరోపెనమ్ అనే యాంటీబయాటిక్ కలిపిన మెకాంకీ అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) మీద వేశాను. లోపలికి పోయే నీళ్లకు ప్లేటంతా గులాబీ రంగు బ్యాక్టీరియా కాలనీలే. బయటి నీళ్లకు బాగా తగ్గాయి, కానీ ఆ నీళ్ల డీఎన్‌ఏతో పీసీఆర్ (జన్యువును వెతికే పరీక్ష) చేస్తే ఎన్‌డీఎం బ్యాండ్, అంటే మెరోపెనమ్ లాంటి మందులు పనిచేయకుండా చేసే జన్యువు ఉందని చూపే గీత, స్పష్టంగా వచ్చింది. ఆ నీళ్లు పోయే కాలువ కలిసే చెరువు కిందే మా నాన్న వరి వేస్తాడు. చాలా టెన్షన్‌గా ఉంది.

మిర్యాలగూడ_మైక్రో:
అక్కా, నమూనా సీసాలో సోడియం థయోసల్ఫేట్ వేశారా? వేయకపోతే మిగిలిన క్లోరిన్ ల్యాబ్‌కు చేరేదాకా సీసాలోనే బ్యాక్టీరియాను చంపుతూ ఉంటుంది. కాలువలో బతికున్నవి ప్లేటు మీద కనిపించినవాటి కంటే ఎక్కువే ఉంటాయి.

ఇక బ్యాండ్ సంగతి. పీసీఆర్‌కు బతికిన కణమూ చచ్చిన కణమూ ఒకటే. క్లోరిన్ కణాన్ని చంపినా దాని డీఎన్‌ఏ మిగిలిపోవచ్చు. అందుకే బయటి నీళ్ల ప్లేటు మీది కాలనీలను తీసి మళ్లీ పీసీఆర్ చేయండి. బతికున్న క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియాలో ఎన్‌డీఎం ఉంటే అసలు భయం అదే. ఆ జన్యువు ఎక్కువగా ప్లాస్మిడ్ (ఒక కణం నుంచి మరో కణానికి వెళ్లగల చిన్న డీఎన్‌ఏ ముక్క) మీద ఉంటుంది, పక్కనున్న ఈ.కోలై బ్యాక్టీరియాకు నేరుగా వెళ్లిపోగలదు.

మురుగులోని మలినాలు, అమ్మోనియా క్లోరిన్‌ను తినేస్తాయి. ఎంత పోశారని కాదు, అరగంట తర్వాత ఎంత మిగిలిందో చూడాలి. బురద ఎటు పోతోందో కూడా కనుక్కోండి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఈటీపీ బురదను శుద్ధి కేంద్రానికి ఇవ్వాలి, పొలాలకు పోకూడదు.

సూర్యాపేట_మూసీ:
భారమంతా ఆసుపత్రి మీదే వేయకండి మేడమ్. 2011లో వచ్చిన ఢిల్లీ అధ్యయనంలో వీధుల్లో నిలిచిన నీళ్ల నమూనాలు 171లో 51టిలో, కుళాయి నీళ్లవి 50లో రెండింటిలో ఇదే జన్యువు దొరికింది. మా వైపు మూసీ హైదరాబాద్ మురుగును మోసుకొచ్చి, మా పొలాలను తడిపి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మీ చెరువులోకి ఊరి డ్రైనేజీ కూడా వస్తుంటే, ఆసుపత్రి కాలువ కలవకముందు ఒక నమూనా, కలిశాక ఒకటి తీయండి.

నల్లగొండ_ల్యాబ్:
థయోసల్ఫేట్ వేశాను తమ్ముడూ. బురద ట్రాక్టర్‌లో పోతోంది, ఎక్కడికో ఎవరూ చెప్పట్లేదు. రాతపూర్వకంగా అడుగుతాను. నాన్నకు కాళ్ల పగుళ్లున్నాయి, మడిలో దిగొద్దంటే వినడు.

మిర్యాలగూడ_మైక్రో:
గమ్ బూట్లు కొనివ్వండి అక్కా. బయటికి రాగానే సబ్బుతో కడుక్కోవాలి. పగులు చీము పడితే మెడికల్ షాపు మాత్రలు వద్దు, డాక్టర్‌కు చూపించి మందు మొదలుపెట్టకముందే చీమును కల్చర్‌కు (అందులోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు) పంపండి. ఆ నమూనా మీ ల్యాబ్‌కే వస్తుంది కదా, ప్లేటు మీరే చదవండి.