‘గుండెకు బెజ్జం’ కాకపోతే ఇంకేమనాలి?

కావలి నుంచి:
మా అన్న కూతురికి పుట్టిన బిడ్డ ఒళ్లు నీలంగా ఉందని నెల్లూరు తీసుకెళ్లాం. డాక్టరుగారు ‘ట్రాన్స్‌పొజిషన్’ అన్నారు. ఇంట్లో అందరం ‘గుండెకు బెజ్జం’ అనే చెప్పుకుంటున్నాం. దీనికి సరైన తెలుగు మాట ఉందా అక్కా?

ఒంగోలు నుంచి:
ముందు బిడ్డకు నయం కావాలి తమ్ముడూ. పుట్టుకతో వచ్చిన గుండె జబ్బు ఏదైనా మనవైపు బెజ్జం, చిల్లి అనేస్తారు. గుండె గదుల మధ్య గోడలో నిజంగా బెజ్జం ఉన్న పిల్లలే ఎక్కువ కాబట్టి ఆ మాట అందరికీ అంటుకుంది. మీ బిడ్డ సంగతి వేరు.

కడుపులో పడ్డ నాలుగో వారానికి గుండె ఒక గొట్టం. కొట్టుకుంటూనే మెలి తిరిగి, గదులుగా విడిపోతుంది. దాన్నుంచి బయటికొచ్చే ధమని కూడా మొదట ఒక్కటే. అందులో ఒక అడ్డుగోడ మెలితిరుగుతూ పెరిగి రెండుగా చీలుస్తుంది: ఒకటి ఒంటికి, ఒకటి ఊపిరితిత్తులకు. గోడ పెరగకపోతే ధమని ఒక్కటిగానే మిగిలిపోతుంది. మెలి తిరక్కుండా నిలువుగా పెరిగితే ఒకదాని చోట ఇంకొకటి వస్తుంది. మీ డాక్టరుగారు చెప్పింది ఇదే.

ఇలాంటప్పుడు చెడు నెత్తురు ఒంట్లోనే, మంచి నెత్తురు ఊపిరితిత్తుల్లోనే తిరుగుతుంటుంది. రెండూ కలవడానికి గుండె పైగదుల మధ్య గోడలో ఉండే బెజ్జమే ముఖ్యమైన దారి! అది చాలకపోతే డాక్టర్లే బెలూన్‌తో పెద్దది చేస్తారు. 1966లో రాష్కిండ్ అనే అమెరికా పిల్లల గుండె డాక్టరు చూపించిన పద్ధతి అది. ధమనుల్ని మార్చి కుట్టే ఆపరేషన్ తర్వాత. బెజ్జం పూడ్చడానికి తీసుకెళ్లారనుకున్న తాతయ్యకు, దాన్ని పెద్దది చేశారని తెలిస్తే ఎంత టెన్షన్! అందుకే ‘ధమనుల తారుమారు’ అనమంటాను. అన్ని రకాలకూ కలిపి ‘పుట్టు గుండెలోపం’ చాలు, పుట్టుచెవుడు అన్నట్టే.

కందుకూరు నుంచి:
తారుమారు అంటే ఎవరో చేసినట్టు లేదా అక్కా? లెక్కలు తారుమారు చేశారంటాం. ‘గ్రహణం మొర్రి’ అన్న మాటకే తల్లులు ఎన్ని నిందలు మోశారో.

ఒంగోలు నుంచి:
బాగా పట్టుకున్నావమ్మా. అయితే ‘తారుమారయ్యాయి’ అందాం, అందులో చేసినవాళ్లు లేరు. ఆ గోడ పని రెండో నెల దాటేలోపే అయిపోతుంది. నెల తప్పిందని అప్పటికింకా తెలియని ఆడవాళ్లు కూడా ఉంటారు. తమ్ముడూ, పేరు సంగతి తర్వాత, ముందు మీ అమ్మాయికి ఈ ముక్క చెప్పండి.