2డీ అర్రేని ఫంక్షన్‌కి పంపితే సెగ్మెంటేషన్ ఫాల్ట్, మెయిన్‌లో మాత్రం బాగానే ఉంది

కొత్తమొలక
మధ్యాహ్నం నుంచి దీని మీదే కూర్చున్నాను, బుర్ర పనిచేయడం మానేసింది. సీలో 3 రోలు, 4 కాలమ్స్ ఉన్న చిన్న ఇంట్ (పూర్ణాంకాల) అర్రే. మెయిన్‌లో రెండు ఫర్ లూపులు పెట్టి ప్రింట్ చేస్తే అంకెలన్నీ సరిగ్గా వస్తున్నాయి. అవే లూపుల్ని ఒక ఫంక్షన్‌లోకి మార్చి, అర్రేని పాయింటర్‌గా (మెమరీ చిరునామాగా) పంపితే మొదటి అంకె కూడా పడకుండానే ప్రోగ్రామ్ చచ్చిపోతోంది. లూపుల హద్దులు పదే పదే చూశాను, తప్పు లేదు. ఎర్రర్ లేదు, వార్నింగ్ కూడా లేదు. కంపైలర్‌లోనే ఏదో తేడా ఉందనిపిస్తోంది. రేపు సబ్మిట్ చేయాలి, ఎవరైనా చెప్పండి ప్లీజ్.

అంచుగీత
కోడ్ పెట్టండి.

కొత్తమొలక
మామూలు కోడేనండీ. అర్రే డిక్లేర్ చేశాను, ఫంక్షన్ రాశాను, పిలిచాను. అంతే.

అంచుగీత
ఫంక్షన్ మొదటి లైను, దాన్ని పిలిచిన లైను. ఈ రెండూ చాలు.

మడతకాగితం
కోడ్ వచ్చేలోగా ఒక విషయం చెప్పాలి. ఇలాంటి ప్రశ్నల్లో సగం మాలాక్ (మెమరీ అడిగి తీసుకునే ఫంక్షన్) ముందు అనవసరంగా పెట్టే క్యాస్ట్ (టైపును బలవంతంగా మార్చడం) దగ్గర మొదలవుతాయి. సీలో మాలాక్ ఇచ్చేది వాయిడ్ పాయింటర్ (ఏ టైపుదో చెప్పని పాయింటర్), అది ఏ ఆబ్జెక్ట్ పాయింటర్‌లోకైనా తనంతట తానే మారుతుంది. క్యాస్ట్ కావాల్సింది సీ ప్లస్ ప్లస్‌లో. పాత సీ89 (1989 నాటి సీ స్టాండర్డ్) కంపైలర్లలో స్టడ్‌లిబ్ హెడర్ (మాలాక్ డిక్లరేషన్ ఉండే ఫైలు) పెట్టడం మరిచిపోతే మాలాక్ ఇంట్ ఇస్తుందని కంపైలర్ అనుకునేది. క్యాస్ట్ ఆ తప్పును కప్పేసేది, 64 బిట్ మెషీన్‌లో చిరునామా సగానికి తెగిపోయేది. డిక్లేర్ చేయని ఫంక్షన్‌ని పిలిచే వెసులుబాటును సీ99 తీసేసినా అలవాటు మాత్రం పోలేదు. దయచేసి ఆ క్యాస్ట్ తీసేయండి.

కొత్తమొలక
నేను మాలాక్ వాడనే లేదండీ. ఇవిగో లైన్లు:

వాయిడ్ చూపించు(ఇంట్ **మ, ఇంట్ రో, ఇంట్ కా)
చూపించు((ఇంట్ **)మార్కులు, 3, 4);

మొదట్లో ఇన్‌కంపాటిబుల్ పాయింటర్ టైప్ అని వార్నింగ్ వచ్చింది, (ఇంట్ **) పెట్టాక పోయింది. జీడీబీలో (డీబగ్గర్) మ[0] విలువ 0ఎక్స్200000001 అని చూపిస్తోంది. ఏదో చెత్త విలువ అయ్యుంటుంది.

నాలుగుబైట్లు
అది చెత్త విలువ కాదు. మీ అర్రేలో మొదటి రెండు అంకెలు 1, 2 కదా?

కొత్తమొలక
అవును!! డిక్లరేషన్ పెట్టలేదుగా, ఎలా తెలిసింది?

నాలుగుబైట్లు
ఆ చిరునామాలోనే ఉన్నాయి. ఇంట్ మార్కులు[3][4] అంటే మెమరీలో 12 ఇంట్‌లు ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో ఖాళీ లేకుండా 48 బైట్లు. అందులో పాయింటర్ అన్నది ఒక్కటి కూడా లేదు. ఇంట్ **మ అని తీసుకున్న ఫంక్షన్ మాత్రం "ఇక్కడ రోల చిరునామాలు వరసగా ఉన్నాయి" అని నమ్ముతుంది. మ[0] అనగానే మొదటి 8 బైట్లు తీసి చిరునామాగా చదువుతుంది. ఆ 8 బైట్లలో ఉన్నవి మీ 1, 2. లిటిల్ ఎండియన్ (చిన్న స్థానాల బైట్లు ముందుండే) మెషీన్ కాబట్టి 1 కింది సగంలో, 2 పై సగంలో పడి 0ఎక్స్200000001 అయింది. ఆ చిరునామాలో మీ ప్రోగ్రామ్‌కి ఏమీ లేదు, మ[0][0] అనగానే ఓఎస్ ఆపేసింది.

కంపైలర్ ముందే సరిగ్గా చెప్పింది, క్యాస్ట్ దాని నోరు మూసింది. 2024లో వచ్చిన జీసీసీ 14 (సీ కంపైలర్) నుంచి క్యాస్ట్ లేకపోతే ఇది ఎర్రరే, కంపైల్ కూడా కాదు. క్యాస్ట్ తీసి, ఫంక్షన్ లైనుని ఇలా మార్చండి:

వాయిడ్ చూపించు(ఇంట్ (*మ)[4], ఇంట్ రో)

బ్రాకెట్లు తప్పనిసరి. అవి లేకుండా ఇంట్ *మ[4] అని రాస్తే అది నాలుగు పాయింటర్ల అర్రే అవుతుంది. ఫంక్షన్ పారామీటర్‌లో అదీ ఇంట్ ** కిందే లెక్క, మళ్ళీ మొదటికొస్తారు. లోపల మ[ఐ][జె] మామూలుగా రాసుకోవచ్చు.

మడతకాగితం
చూశారా, చివరికి క్యాస్టే.

ఒకేవరస
ఇంత తంటా ఎందుకు? 2డీ వదిలేసి ఇంట్ *ప తీసుకోండి, ప[ఐ * కా + జె] అనండి. ఎక్కడైనా నడుస్తుంది, ఏ కంపైలర్ అయినా ఒప్పుకుంటుంది. పెద్ద అర్రే అయితే లోపలి లూపు కాలమ్స్ మీదే తిరగాలి. సీలో రో మొత్తం ఒకచోట ఉంటుంది, 64 బైట్ల క్యాష్ లైనులో (మెమరీ నుంచి ప్రాసెసర్‌కి ఒకేసారి వచ్చే ముక్క) 16 ఇంట్‌లు ఒకేసారి వస్తాయి. లూపులు తిరగేస్తే పెద్ద రోలలో ప్రతి అడుగుకీ కొత్త లైను తేవాలి.

నాలుగుబైట్లు
మాలాక్‌తో ఒకే ముక్కగా తీసుకున్న మెమరీకైతే అది మంచి పద్ధతి. కానీ డిక్లేర్ చేసిన 2డీ అర్రేకి &మార్కులు[0][0] పంపి 12 దాకా నడిస్తే, స్టాండర్డ్‌ని అక్షరాలా చదివితే మొదటి రో నాలుగింటితోనే అయిపోయింది, ఆపైన చదవడం నిర్వచనం లేని పని. మామూలుగా నడుస్తుంది, హామీ మాత్రం లేదు.

గవ్వలు
అర్రే పేరంటే పాయింటరే కదండీ. అర్రేల అర్రే అంటే పాయింటర్‌కి పాయింటరే కావాలి కదా? చాలా చోట్ల అలాగే చెబుతారు.

అంచుగీత
అర్రే పాయింటర్ కాదు.

గవ్వలు
మరి ఫంక్షన్‌కి పంపితే పాయింటర్ ఎందుకవుతోంది?

నాలుగుబైట్లు
అవుతుంది, కానీ పై అంచె ఒక్కటే. ఎక్స్‌ప్రెషన్‌లో అర్రే పేరు వస్తే తన మొదటి ఎలిమెంట్‌కి పాయింటర్‌గా మారుతుంది. ఇక్కడ మొదటి ఎలిమెంట్ ఇంట్ కాదు, నాలుగు ఇంట్‌ల రో. కాబట్టి వచ్చేది నాలుగు ఇంట్‌ల అర్రేకి పాయింటర్. లోపలి అంచె అర్రేగానే ఉండిపోతుంది. సైజాఫ్ (సైజు బైట్లలో చెప్పేది), & (చిరునామా ఇచ్చేది) గుర్తుల దగ్గర ఆ మారడం కూడా ఉండదు. మెయిన్‌లోనే ప్రింట్ చేసి చూడండి: సైజాఫ్ మార్కులు 48, సైజాఫ్ మార్కులు[0] 16, సైజాఫ్ మార్కులు[0][0] 4. పాయింటరే అయితే మొదటి రెండూ 8 రావాలి.

ఇంకోటి. మార్కులు, &మార్కులు, మార్కులు[0] మూడూ ప్రింట్ చేస్తే ఒకటే చిరునామా వస్తుంది. ఒక్కోదానికి 1 కలపండి: మొదటిది 16 బైట్లు జరుగుతుంది, రెండోది 48, మూడోది 4. తేడా అంతా టైపులోనే.

గవ్వలు
ఫంక్షన్ లోపల సైజాఫ్ మ అంటే 48 రాదన్నమాట.

నాలుగుబైట్లు
రాదు, 8 వస్తుంది. అందుకే రోల సంఖ్య విడిగా పంపాలి.

కొత్తమొలక
4 దగ్గర ఇరుక్కున్నాను అన్నా. రోలు, కాలమ్స్ యూజరే ఇస్తాడు. అది చెప్పలేదు కదా, సారీ.

నాలుగుబైట్లు
అయితే సీ99 పద్ధతి: వాయిడ్ చూపించు(ఇంట్ రో, ఇంట్ కా, ఇంట్ మ[రో][కా]). సైజులు ముందు, అర్రే తర్వాత. వరస తారుమారైతే "కా అంటే ఏంటి" అని కంపైలర్ అడుగుతుంది. మెమరీకి ఇంట్ (*మ)[కా] = మాలాక్(రో * సైజాఫ్ *మ); చివర ఒక్క ఫ్రీ (మెమరీ తిరిగి ఇచ్చే ఫంక్షన్). నల్ (మెమరీ దొరకలేదనే గుర్తు) వచ్చిందేమో చూడటం మరవద్దు.

ఇంట్ ** తోనే చేయాలంటే ముందు రోల పాయింటర్లకి ఒక మాలాక్, తర్వాత ప్రతి రోకి ఒకటి, ఫ్రీ చేసేటప్పుడు రోలు ముందు, పైది చివర. ఇందులో అందరూ పడే గుంట మొదటి మాలాక్‌లో సైజాఫ్(ఇంట్) రాయడం. 3 రోలకి 24 బైట్లు కావాలి, మీరు అడిగింది 12. 64 బిట్ లినక్స్‌లో గ్లిబ్‌సీ (అక్కడి సీ లైబ్రరీ) కనీసం 24 వాడుకోనిస్తుంది కాబట్టి 3 రోలతో టెస్ట్ చేస్తే తప్పు కనబడదు. 10 రోలు ఇవ్వగానే ఎక్కడో సంబంధం లేని ఫ్రీ దగ్గర పేలుతుంది. అడ్రస్ శానిటైజర్ (మెమరీ తప్పులు పట్టే పరికరం) పెట్టి కంపైల్ చేస్తే 3 రోల దగ్గరే పట్టేస్తుంది.

మడతకాగితం
వీఎల్ఏ (ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు సైజు తేలే అర్రే) నేర్పకండి దయచేసి. సీ11లో దాన్ని ఐచ్ఛికం చేశారు, మైక్రోసాఫ్ట్ కంపైలర్ ఇవ్వనే ఇవ్వదు, లినక్స్ కెర్నెల్ నుంచి 2018లో మొత్తం తీసేశారు. స్టాక్ (లోకల్ వేరియబుల్స్ ఉండే మెమరీ) పొంగిపోతుంది.

నాలుగుబైట్లు
కెర్నెల్లో తీసేసింది స్టాక్ మీద పుట్టే వీఎల్ఏలని. ఇంట్ పెద్ద[2000][2000] అని లోకల్‌గా పెడితే 16 ఎంబీ, లినక్స్‌లో మామూలుగా ఉండే 8 ఎంబీ స్టాక్ చాలదు, నిజమే. సైజులు వేరియబుల్స్ అయినా అంతే. కానీ పైన నేను రాసిన పారామీటర్ ఏ అర్రేనీ పుట్టించదు, అది పాయింటరే, మెమరీ మాలాక్‌ది. ఆ టైపుల్ని సీ23 మళ్ళీ తప్పనిసరి చేసింది. మైక్రోసాఫ్ట్ విషయం మాత్రం ఒప్పుకుంటాను, అక్కడైతే ఒకేవరస గారి పద్ధతే.

మడతకాగితం
వీఎల్ఏ టైపు, వీఎల్ఏ ఆబ్జెక్ట్ అని కొత్తవాళ్ళు విడదీసి చూడరు. అందుకే వద్దంటున్నా.

నాలుగుబైట్లు
విడదీసి చెబితే చూస్తారు.

గవ్వలు
పేర్ల పట్టికకి కూడా ఇదే కథా? చార్ పేర్లు[5][20] పంపాలంటే?

అంచుగీత
చార్ (*ప)[20]. చార్ *పేర్లు[5] అయితే చార్ **. ఆర్గ్‌వీ (మెయిన్‌కి వచ్చే ఆర్గ్యుమెంట్ల పట్టిక) రెండో రకం.

ఒకేవరస
ఫంక్షన్ చదవడమే చేస్తుందని కాన్స్ట్ ఇంట్ (*మ)[4] పెడితే మళ్ళీ వార్నింగ్ రావచ్చు, ఇంట్ అర్రే పంపుతున్నప్పుడు. సీ23లో సరిచేశారు. పాత మోడ్‌లో కాన్స్ట్ తీసేయడమే మేలు, దానికోసం ఇంకో క్యాస్ట్ వద్దు.

కొత్తమొలక
సైజులు ముందు, అర్రే తర్వాత పెట్టాను, క్యాస్ట్ తీసేశాను, వస్తోంది. థాంక్స్ అందరికీ. శానిటైజర్ ఏదో 48 బైట్ల లీక్ అంటోంది, అది తర్వాత చూస్తా.

అంచుగీత
ఫ్రీ.