‘రన్’కు 645 అర్థాలట. తెలుగులో అంతటి మాట లేదా?

గుణుపురం మాస్టారు:
బడిలో ఇంగ్లిష్ చెబుతాను. మా పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మొన్న సహోపాధ్యాయుడు ఒకరు అన్న మాట ఇక్కడ చర్చకు పెడుతున్నాను. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు ‘రన్’ అనే ఒక్క క్రియకే 645 అర్థాలు గుర్తించింది కాబట్టి, ఒకే మాటతో ఇన్ని పనులు చేయించుకునే శక్తి ఇంగ్లిష్‌కు తప్ప మరో భాషకు లేదని, తెలుగుకు అసలే లేదని ఆయన వాదన. లెక్క నిజమే. 1989 నాటి రెండో కూర్పులో ‘సెట్’దే పైచేయి. దానికి 430 అర్థాలు, సుమారు 60,000 మాటల వివరణ ఇచ్చారు. 2011 నాటికి ‘రన్’ దాన్ని దాటేసింది. పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడు తొమ్మిది నెలలు ఈ ఒక్క క్రియ మీదే కూర్చున్నారు. అంతవరకు సరే. దాని నుంచి ఆయన తేల్చిన సంగతే నాకు మింగుడు పడటం లేదు.

రాయగడ వాసి:
నేను మీ సహోపాధ్యాయుడి పక్షమే. ముక్కు కారినా రన్, ఉతికిన చీర రంగు దిగినా రన్, యంత్రం నడిచినా రన్, రెండు ఊళ్ల మధ్య బస్సు తిరిగినా రన్, అమెరికాలో ఎన్నికల్లో నిలబడినా రన్. మనకు ప్రతిదానికీ ఒక క్రియ వెతుక్కోవాలి. కంప్యూటర్లు వచ్చాయి, వాళ్లకు ఆ పాత మాటే సరిపోయింది. మనం మాత్రం ‘ప్రోగ్రాం రన్ చేశాను’ అని అరువు తెచ్చుకున్నాం. భాషాభిమానం పక్కన పెట్టి ఆలోచించండి.

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
పక్కన పెట్టే ఆలోచించాను. కారడం, దిగడం, నడవడం, తిరగడం, నిలబడటం అని అయిదు పనులకు అయిదు మాటలు ఉండటం లోటు ఎలా అవుతుంది? దాన్ని పదసంపద అని కూడా అనవచ్చు కదా.

ఇక ఒకే మాటతో పలు పనులంటారా, ‘పట్టు’ను చూడండి. దొంగను పట్టారు, చేపలు పట్టారు. నిద్ర పట్టింది, చెమట పట్టింది, ఇనుముకు తుప్పు పట్టింది, చంద్రుడికి గ్రహణం పట్టింది. పనికి రెండు రోజులు పట్టింది, సంచిలో పది కిలోలు పట్టాయి. బిడ్డకు పాలు పట్టారు, తలకు నూనె పట్టించారు, అడవి దారి పట్టారు. నడుము పట్టేసింది. గొడుగు పట్టారు. ఇవన్నీ మా వీధిలో పొద్దున లేచింది మొదలు వినిపించేవే. ఇంకా పట్టించుకోవడం, పట్టుబట్టడం, చేపట్టడం లాంటి జంట మాటల జోలికి నేను పోలేదు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. ‘నిద్ర పట్టింది’ని ‘పట్టు’ కింద ఒక అర్థంగా రాయాలా, ‘నిద్ర’ కింద ఒక పలుకుబడిగా రాయాలా? చెమట పట్టడం, తుప్పు పట్టడం ఒకే అర్థమా, రెండా? రెండూ పైన పేరుకునేవే అంటే ఒకటి. ఒకటి లోపలి నుంచి వస్తుంది, మరొకటి వస్తువునే తినేస్తుంది అంటే రెండు. నిఘంటుకారుడు ఎంత సన్నగా తరిగితే లెక్క అంత పెరుగుతుంది. ఆక్స్‌ఫర్డ్ వారు చాలా సన్నగా తరుగుతారు. ‘రన్ అవుట్’, ‘రన్ ఇన్‌టు’ లాంటి జంటలను కూడా ఆ మాట కిందే వివరిస్తారు. ఆ కొలతతో తెలుగును ఇంతవరకు ఎవరూ కొలవలేదు. కొలవనిదాన్ని తక్కువ అనడం అన్యాయం.

పడుగు పేక, బరంపురం:
మాది నేతపని చేసే ఇల్లు. అర్థాలు ఎక్కువగా ఉండటం ఒకటి, వేర్వేరు మాటలు ఒకే రూపంలో కనిపించడం ఇంకొకటి. మగ్గం మీద పడుగు పోగులు దూరే దువ్వెనలాంటి సాధనాన్ని అచ్చు అంటాం. పుస్తకం అచ్చు వేస్తాం. అ, ఆ, ఇ, ఈలు అచ్చులు. ఈ చివరిది సంస్కృత వ్యాకరణం నుంచి వచ్చిన మాట, మగ్గానికీ దానికీ చుట్టరికం లేదు. అలాగే పట్టుచీరలోని పట్టును సంస్కృత ‘పట్ట’తో ముడిపెడతారు. ఒడియాలో పట్టును పాట అంటారు. మా ఊరి చీరలకు ఆ పేరే ఉంది. అదే మన చెవికి పడితే పాడే పాట. కాబట్టి మహేంద్రతనయ గారూ, మీ జాబితాలో ఎప్పుడైనా పట్టుచీరను కలిపితే ఒప్పుకోను.

‘సెట్’లోనూ ఇదే తంతు. పెట్టడం అనే అర్థం ఉన్న క్రియ పాత ఇంగ్లిష్‌ది. గుంపు అనే అర్థంలోని నామవాచకం ఫ్రెంచి మీదుగా లాటిన్ నుంచి వచ్చింది. రెంటినీ ఒకే మాట అనుకుని అర్థాలు కలిపి చెప్పుకునేవారు చాలామంది.

రాయగడ వాసి:
ఆ అభ్యంతరం ‘సెట్’కు తగులుతుంది, ‘రన్’కు తగలదు. 645 అన్నది ఒక్క క్రియ లెక్క. ఎంత సన్నగా తరిగినా తరగడానికి సరుకు ఉండాలి కదా.

జయపురం నుంచి:
సరుకు అందరి దగ్గరా ఉంది. ఆకలి వేస్తే ఒడియాలో ‘భొకొ లాగుచి’, భయం వేస్తే ‘డొరొ లాగుచి’, బాగుంటే ‘భొలొ లాగుచి’. నిప్పు అంటుకున్నా, ఇంత డబ్బు అవుతుందన్నా అదే ‘లాగు’. దానికి సాటిగా మన ‘వేయు’ లేదా? ఆకలి, చలి, భయం, తాళం, ముగ్గు, ఓటు అన్నీ వేసేవే.

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
రాయగడ వారి ప్రశ్న న్యాయమైనదే. తరచుగా వాడే మాటకే అర్థాలు ఎక్కువ ఉంటాయని జార్జ్ జిఫ్ అనే అమెరికా పండితుడు 1945లోనే లెక్కలతో చూపించారు. అది ఇంగ్లిష్‌కు మాత్రమే దక్కిన వరం కాదు. తేడా నిఘంటువుల్లో ఉంది. ఆక్స్‌ఫర్డ్ మొదటి భాగం 1884లో వచ్చింది, మొదటి కూర్పు పూర్తయ్యేసరికి 1928. ఆ తర్వాత కూడా సవరణ ఆగలేదు. ప్రతి అర్థానికీ ఎవరు ఎప్పుడు వాడారో ఉదాహరణలు ఇస్తారు. మన సూర్యరాయాంధ్ర నిఘంటువు గొప్ప పనే, కానీ అందులో పీట గ్రంథభాషకే వేశారు. వాడుక మాటకు చోటు దక్కలేదని గిడుగు రామమూర్తి గారు దాన్ని విమర్శించారు కూడా. ఆయన మా ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల నోటి మాటలు విని, వాళ్ల భాషకు వ్యాకరణం, నిఘంటువులు రాశారు. అలాంటి చెవితో తెలుగు ‘పట్టు’ను ఒక్కరైనా తొమ్మిది నెలలు విని ఉంటే ఈ వాదనే వచ్చేది కాదని నా నమ్మకం.

రాయగడ వాసి:
‘శక్తి లేదు’ అన్న మాట వెనక్కి తీసుకోను గానీ, ‘లెక్క లేదు’ అన్నది ఒప్పుకుంటాను. కొత్త యంత్రాలకు పాత తెలుగు మాటలు వాడటంలో మనం వెనకబడ్డామనే ఇప్పటికీ అంటాను.

గుణుపురం మాస్టారు:
మా తరగతిలో ఒక పిల్లవాడు ఇంగ్లిష్ వాక్యం చూసి ‘ముక్కు పరుగెత్తుతోంది’ అని తెలుగు చేశాడు. ఇంకో అమ్మాయి ‘నిద్ర పట్టింది’కి, నిద్ర నన్ను పట్టుకుంది అనే అర్థం వచ్చే ఇంగ్లిష్ రాసింది. రెండు నోటుపుస్తకాలూ మా సహోపాధ్యాయుడికి చూపించబోతున్నాను. ఈ వారం నుంచి పిల్లలచేత ఇంట్లో విన్న ‘పట్టు’ వాక్యాలు, ఎవరు ఏ సందర్భంలో అన్నారో సహా రాయిస్తాను. మీరూ పంపండి. ముందుగా ఒకటి తేల్చాలి: మీ ఇళ్లలో మరలో పిండి పట్టిస్తారా, ఆడిస్తారా? ఊరి పేరుతో రాయండి.