గంటల షీటు అందరూ నింపాలి, ఫార్ములాలు మాత్రం చెదరకూడదు

అందరికీ నమస్కారం. కెనడాలో, ఒంటారియోలోని మిస్సిసాగా వచ్చి రెండు నెలలైంది. ఒక గోడౌన్ ఆఫీసులో చేరాను. వారం గంటల ఎక్సెల్ షీటు నాకప్పగించారు. ఇరవై మంది నింపుతారు, రోజూ ఎవరో ఒకరు ఫార్ములా చెరిపేస్తున్నారు. ప్రొటెక్ట్ చేస్తే ఎవరూ ఏమీ టైప్ చేయలేకపోతున్నారు. ఒకటే టెన్షన్. దారి చెప్పండి.

జవాబు:
తమ్ముడూ, ఎక్సెల్‌లో ప్రతి సెల్‌కీ ‘లాక్డ్’ టిక్ ముందే పెట్టి ఉంటుంది. ప్రొటెక్ట్ షీట్ నొక్కగానే అన్నీ ఒకేసారి బిగుసుకుంటాయి. నీకు జరిగింది అదే. సోమవారం నుంచి ఆదివారం దాకా గంటలు వేసే సెల్స్ అన్నీ సెలెక్ట్ చేసి, కంట్రోల్ 1 కొట్టి, ప్రొటెక్షన్ ట్యాబ్‌లో లాక్డ్ టిక్ తీసెయ్. ఆ తర్వాతే పైన రివ్యూ ట్యాబ్‌లోకి వెళ్లి ప్రొటెక్ట్ షీట్ నొక్కు. అక్కడ ‘సెలెక్ట్ లాక్డ్ సెల్స్’ టిక్ కూడా తీసేస్తే కర్సర్ నింపాల్సిన చోటే తిరుగుతుంది.

చిన్న పనే కదా అనుకోకు. ఒంటారియోలో చాలా ఉద్యోగాలకి వారంలో 44 గంటలు దాటితే ఓవర్‌టైం, గంటకి ఒకటిన్నర రెట్లు. నా మొదటి ఉద్యోగంలో ఒకాయన టోటల్ సెల్‌లో ఫార్ములా మీదే 44 అని కొట్టేశాడు. ఆ షీటునే వారం వారం కాపీ చేసుకుంటూ పోయాం. ఆయన 50 గంటలు చేసిన వారం కూడా టోటల్ 44 దగ్గరే ఉంది, ఓవర్‌టైం సున్నా. ఆరు గంటల కష్టం. పే స్టబ్ (జీతం చీటీ) తెచ్చి నా టేబుల్ మీద పెట్టి నిలబడ్డాడు. ఆ ముఖం నాకింకా గుర్తుంది.

జవాబు:
అక్కా, పనిచేసింది! చాలా థాంక్స్. కానీ ఈరోజు ఒక టోటల్‌లో రెఫ్ ఎర్రర్ (#REF!, ఫార్ములాకి కావాల్సిన సెల్ దొరకట్లేదని) వచ్చింది. లాక్ చేశాను కదా?

జవాబు:
ఎవరో ఒక రోజు గంటలు కట్ చేసి పక్క రోజులో పేస్ట్ చేసుంటారు. లాక్ తీసిన సెల్స్‌లో కట్ ఆగదు. సోమవారం ప్లస్ మంగళవారం అని ఒక్కో సెల్ కలుపుతూ రాసిన ఫార్ములా అయితే ఇలాగే విరిగిపోతుంది. పొరపాటు పడితే ఆ అంకె డిలీట్ చేసి మళ్లీ కొట్టమని వాళ్లందరికీ చెప్పు. నేనైతే షీటు పైనే ఎర్రగా రాసి పెట్టేదాన్ని.

ఇంకొకటి, ఎవరి గంటకి ఎంత అన్న వివరం ఆ ఫైల్లో హైడ్ చేసి పెట్టకు. ప్రొటెక్ట్ షీట్‌కి పెట్టే పాస్‌వర్డ్ పొరపాటున చెయ్యి పడకుండా ఆపుతుంది, అంతే. తెలిసినవాళ్లు తేలిగ్గా తీసేస్తారు. జీతాలు వేరే ఫైల్లో, నీ దగ్గరే ఉంచుకో.