భూటాన్‌లో పోసిన కాంక్రీటుకి ఎం-బుక్ ఎవరు చూస్తారు?

కోట జంక్షన్ పెద్దాయన (విజయనగరం)

మున్సిపల్ అకౌంట్స్ సెక్షన్లో పనిచేసి రిటైరైనవాణ్ని. ఇది పార్టీల పోస్టు కాదు. జెండాలు పట్టుకుని వచ్చేవాళ్లకి ముందే దండం.

2000 తర్వాత కొన్నేళ్లపాటు బ్రిటన్ ప్రభుత్వ డబ్బుతో మన రాష్ట్రంలో ఏపీయూఎస్‌పీ అనే పథకం నడిచింది. పాత ఉద్యోగులకి గుర్తుండే ఉంటుంది. లక్ష జనాభా దాటిన 42 మున్సిపాలిటీలకి వర్తించింది. మురికివాడల్లో సీసీ రోడ్లు, కాలువలు, కుళాయిలు వేశారు. మొత్తం మీద తొమ్మిది కోట్ల పౌండ్ల పైమాటే. డబ్బు కావాలంటే ముందు 'మాప్' అని పేదరిక నిర్మూలన ప్రణాళిక రాసివ్వాలి. అంతటితో వదిలారా? మున్సిపల్ లెక్కలు డబుల్ ఎంట్రీలోకి (ప్రతి లావాదేవీని రెండు ఖాతాల్లో రాసే పద్ధతి) మార్చమన్నారు. అప్పటిదాకా జమ, ఖర్చు రెండు కాలమ్‌లతో హాయిగా బతికిన మాకు అదో పెద్ద టెన్షన్. "లండన్‌లో వాళ్ల పార్లమెంటు కమిటీ అడుగుతుందయ్యా, సరిగ్గా రాయండి" అనేవారు మా పైఅధికారి. మమ్మల్ని భయపెట్టడానికి అంటున్నారనుకునేవాళ్లం.

రిటైరయ్యాక తీరిగ్గా చదివితే ఆయన మాట నిజమే. వాళ్ల హౌస్ ఆఫ్ కామన్స్‌లో అంతర్జాతీయ అభివృద్ధి కమిటీ అని ఒకటుంది. ఇండియాకి సాయం ఇంకా ఇవ్వాలా వద్దా అని 2011లో ప్రత్యేకంగా ఒక నివేదికే ఇచ్చింది. 2012 నవంబరులో ఆపేస్తున్నామని వాళ్ల మంత్రి ప్రకటించారు, 2015 కల్లా గ్రాంట్లు ఆగిపోయాయి.

ఇప్పుడు ఇచ్చే చెయ్యి మనది. 2025-26 బడ్జెట్‌లో విదేశాంగ శాఖ పద్దు తీసి చూశాను. డిమాండ్ నంబరు 29. భూటాన్‌కి 2,150 కోట్లు, నేపాల్‌కి 700, మాల్దీవులకి 600, మారిషస్‌కి 500, మయన్మార్‌కి 350, శ్రీలంకకి 300. చిన్నాచితకా కలిపి దేశాలకి సాయం 5,483 కోట్లు. ఇవ్వొద్దని నేననడం లేదు. ఇరుగుపొరుగుతో సఖ్యంగా ఉండాలంటే చెయ్యి తడపాల్సిందే.

నేనడిగేది ఒక్కటే. మా ఊళ్లో కాలువకి పెట్టిన ఖర్చు గురించి వాళ్ల ఎంపీలు ఆరా తీశారు కదా, భూటాన్‌లో పోసిన కాంక్రీటుకి ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) మన పార్లమెంటులో ఎవరు చూస్తున్నారు? 2023 మార్చిలో లోక్‌సభలో గొడవ మధ్య దాదాపు 45 లక్షల కోట్ల పద్దులు చర్చే లేకుండా ఒక్కసారిగా ఆమోదం పొందాయి. 2018లోనూ అంతే. మా సెక్షన్లో వెయ్యి రూపాయల కంటింజెన్సీ బిల్లుకి ఓచరు లేకపోతే ఆడిట్ పేరా (అభ్యంతరం) పడేది. తెలిసినవాళ్లు చెప్పండి.

జీడితోట (పలాస)

పెద్దాయనా, మీ లెక్కలు బాగున్నాయి గానీ నాకు కడుపు మండుతోంది. 2018లో తిత్లీ తుపానుకి మా జీడిచెట్లు, కొబ్బరిచెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కొత్త కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఎన్నేళ్లు పడుతుందో మీకు తెలుసు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి చూపించండి. మా పెదనాన్నని డయాలసిస్‌కి తీసుకెళ్లి తీసుకురావడానికే ఇంట్లో ఒక మనిషి పని మానుకోవాలి. ఇక్కడ ఇంత అవసరం పెట్టుకుని భూటాన్‌కి రెండు వేల కోట్లు ఏటి? ఎం-బుక్ సంగతి తర్వాత, అసలు ఇవ్వడం ఎందుకు?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

పోటీ పరీక్షలకి పాలిటీ చెప్పుకుంటూ బతుకుతున్నాను. తెలిసినంత చెప్తాను, పాఠంలా ఉంటే క్షమించాలి.

ముందు జీడితోట తమ్ముడికి. నీ బాధ కాదనను. కానీ 2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తం 50 లక్షల 65 వేల కోట్లు. అందులో ఈ 5,483 కోట్లంటే వంద రూపాయలకి పదకొండు పైసలు. అది ఆపేసినంత మాత్రాన ఉద్దానానికి వస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. ఉద్దానానికి రావాల్సింది వేరే పద్దులోంచి రావాలి, దానికి వేరే పోరాటం చెయ్యాలి.

పెద్దాయన గారూ, సభలో చర్చ జరగకపోయినా గదిలో జరుగుతుంది. 1993లో శాఖలవారీగా స్థాయీ సంఘాలు పెట్టారు, 2004 నుంచి అవి 24. ఒక్కో దాంట్లో 31 మంది. లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. ఫిబ్రవరిలో బడ్జెట్ పెట్టాక సభలకి విరామం ఇస్తారు చూడండి, ఈ సంఘాలు పద్దులు విప్పేది అప్పుడే. విదేశాంగ సంఘానికి ఇప్పుడు అధ్యక్షుడు శశి థరూర్. విదేశాంగ కార్యదర్శినీ మిగతా అధికారులనూ పిలిచి కూర్చోబెడతారు. పోయినేడు ఇచ్చింది ఎందుకు మిగిలింది, ఫలానా ప్రాజెక్టు ఎందుకు సాగుతోంది, భూటాన్‌కి ఎందుకు పెరిగింది, ఇలా అడుగుతారు. తర్వాత సభలో నివేదిక పెడతారు. దానిమీద ఏం చర్య తీసుకున్నారో ప్రభుత్వం జవాబు ఇవ్వాలి, ఆ జవాబు బాగుందో లేదో చెబుతూ సంఘం ఇంకో నివేదిక వేస్తుంది. ఇదంతా పార్లమెంటు వెబ్‌సైటులో దొరుకుతుంది. చదివేవాళ్లే లేరు. నా క్లాసులో పిల్లలు కూడా సభ్యుల సంఖ్య బట్టీ పట్టి, నివేదిక తెరవకుండా వెళ్లిపోతారు.

ఇందులో లోపాలూ ఉన్నాయి. సమావేశాలు తలుపులు మూసుకుని జరుగుతాయి. సిఫార్సుని ప్రభుత్వం పాటించి తీరాలని లేదు. ఇంకోటి మీరు ఊహించి ఉండరు. విదేశాంగ శాఖకి డబ్బు ఎక్కువైందని ఈ సంఘం గొడవ పెట్టదు, తక్కువైందని పెడుతుంది. శాఖ మొత్తానికి ఇచ్చింది 20,516 కోట్లు, బడ్జెట్‌లో అర శాతం కూడా కాదు. కనీసం ఒక శాతం ఇవ్వాలని సంఘం సిఫార్సు చేసింది కూడా. అడగాల్సినవాళ్లే అడిగించుకునే శాఖ తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టు నాకైతే అనిపిస్తుంది. విదేశాంగం దగ్గరికి వచ్చేసరికి పార్టీలన్నీ కాస్త మెత్తబడతాయి, దేశం పరువు అంటారు.

మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారు కేంద్ర మంత్రి. మంత్రులు ఈ సంఘాల్లో ఉండకూడదు, సభలో ప్రశ్నలూ వెయ్యరు. కాబట్టి మా జిల్లా తరఫున అడిగే నోరు ఈ విషయంలో మూతపడ్డట్టే. మీ విజయనగరం ఎంపీకి ఆ ఇబ్బంది లేదు.

ఏటి గట్టు సర్వేయరు (బొబ్బిలి)

భూటాన్ అన్నారు కాబట్టి వచ్చాను. వాంగ్దీ దగ్గర పునత్సాంగ్‌ఛు నది మీద పనిచేసొచ్చినవాణ్ని. ఏ కంపెనీకో అడక్కండి.

పునత్సాంగ్‌ఛు-1 మనం డబ్బు పెట్టి కట్టిస్తున్న 1,200 మెగావాట్ల ప్రాజెక్టు. 2008లో మొదలెట్టారు. అప్పటి అంచనా మూడున్నర వేల కోట్లు. 2013లో డ్యామ్ దగ్గర కుడివైపు కొండ జారింది. కొండ జారడమంటే మన రామతీర్థం కొండ మీంచి బండ దొర్లడంలాంటిది కాదండీ, వాలు మొత్తం మెల్లగా కిందకి దిగుతూ ఉంటుంది. పొద్దున్న పెట్టిన పాయింటు కొన్నాళ్లకి మళ్లీ చూస్తే అక్కడ ఉండదు. మా పనే ఆ కదలిక కొలవడం. ఆపడానికి రాక్ యాంకర్లు, కేబుళ్లు, గ్రౌటింగ్ అని పోస్తూనే ఉన్నారు. అంచనా 9,300 కోట్లు దాటింది. అదే నది మీద రెండోది, 1,020 మెగావాట్లది, 2025 నవంబరులో ప్రారంభించారు. మొదటిది ఇంకా సాగుతూనే ఉంది.

ఇదంతా దానం అనుకోకండి. పునత్సాంగ్‌ఛు-1లో గ్రాంటు 40 శాతమే, మిగతా 60 శాతం అప్పు, పది శాతం వడ్డీకి. 1980ల్లో కట్టిన చుఖాకి గ్రాంటు 60 శాతం, అప్పు మీద వడ్డీ అయిదు శాతం. అంటే రానురాను మనమే గట్టిగా బేరం ఆడాం. మిగులు కరెంటు కొనేదీ మనమే. ఖర్చు పెరిగితే అప్పు పెరుగుతుంది, అప్పు పెరిగితే యూనిట్ రేటు పెరుగుతుంది, ఆ రేటు మళ్లీ మన నెత్తికే. అందుకే అక్కడి జనానికీ ఈ ప్రాజెక్టంటే మంట ఉంది, టీ కొట్టు దగ్గర మాతో మొహం మీదే అనేవారు.

ఆడిట్ సంగతి అడిగారు కదా. భూటాన్‌కి సొంత ఆడిట్ సంస్థ ఉంది, రాయల్ ఆడిట్ అథారిటీ. డ్యామ్‌కి ఆ చోటు ఎంచుకోవడం మీదే ప్రశ్నలు వేస్తూ రిపోర్టు రాసింది. ఇంత చిన్న దేశం ఆడిటర్లు రాశారు.

కుర్ర లాయరు (విజయనగరం)

పెద్దాయన బ్రిటన్ వాళ్లని మరీ ఎత్తేస్తున్నారు. వాళ్లేమన్నా సత్యహరిశ్చంద్రులా? శరణార్థులని హోటళ్లలో పెట్టిన ఖర్చు కూడా విదేశీ సాయం కింద రాసుకుంటారు. 2022లో వాళ్ల సాయంలో 29 శాతం అలా వాళ్ల దేశంలోనే ఖర్చయింది. జాతీయాదాయంలో 0.7 శాతం ఇస్తామని 2015లో చట్టం చేసుకుని, 2021లో 0.5కి దించేశారు. 2027కి 0.3 అంటున్నారు.

కోట జంక్షన్ పెద్దాయన (విజయనగరం)

లాయరు బాబూ, వాళ్లు మంచివాళ్లని నేనెప్పుడన్నాను? వాళ్ల పద్ధతి చూడమన్నాను. ఆ 29 శాతం సంగతి బయటపడిందీ వాళ్ల లెక్కల పుస్తకంలోంచే కదా.

నాకు నచ్చిన కథ ఒకటుంది. మలేషియాలో పెర్గావ్ అని డ్యామ్. ఆయుధాల అమ్మకం బేరం వెనకాల పెట్టుకుని దానికి 23.4 కోట్ల పౌండ్ల సాయం ఇస్తామన్నారు. 1991లో సాయం శాఖ ప్రధాన అధికారి టిమ్ లాంకెస్టర్, ఇది డబ్బు దండగ, నేను సంతకం పెట్టను, పెట్టాలంటే మీరు రాతపూర్వకంగా ఆదేశించండి అన్నాడు. మంత్రి డగ్లస్ హర్డ్ రాసిచ్చాడు. ఆ కాగితం వాళ్ల ఆడిట్ ఆఫీసుకి, పార్లమెంటు పద్దుల సంఘానికి చేరింది. 1994లో హైకోర్టు ఆ ఖర్చు చట్టవిరుద్ధం అంది. 2002లో కొత్త చట్టం వచ్చింది, సాయం పేదరికం తగ్గించడానికే అని. ఒక గుమాస్తాగా చెప్తున్నాను, "రాతపూర్వకంగా ఇవ్వండి సార్" అనే మాటకున్న బలం ఇంకే మాటకీ లేదు.

సర్వేయరు గారూ, మీరు చెప్పిన గ్రాంటు, అప్పు లెక్క నాకు చాలా ఉపయోగపడింది. మాస్టారూ, ఇంకో చిక్కు. 2022లో శ్రీలంక దివాలా తీసినప్పుడు మనం దాదాపు 400 కోట్ల డాలర్ల సాయం చేశామని అందరూ రాశారు. కానీ డిమాండ్ 29లో లంకకి ఉన్నది కొన్ని వందల కోట్లే. మిగతాది ఏ పద్దులో పడింది?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అసలు విషయం దగ్గరికి ఇప్పుడొచ్చారు. డిమాండ్ 29 గురించి మనం ఇక్కడ కొట్టుకుంటున్నాం గానీ పెద్ద డబ్బు దాంట్లో లేదు. లంకకి పెట్రోలు కొనుక్కోవడానికి 50 కోట్ల డాలర్లు, తిండికి మందులకి 100 కోట్ల డాలర్లు అప్పు లైన్లుగా (ఇంతదాకా వాడుకోవచ్చని పరిమితి పెట్టి ఇచ్చే అప్పు) ఇచ్చారు. ఇవి బ్యాంకు రుణాలు. 40 కోట్ల డాలర్లు రిజర్వు బ్యాంకు కరెన్సీ స్వాప్, అంటే కొంతకాలానికి కరెన్సీల మార్పిడి. అది బడ్జెట్ పద్దే కాదు.

ఆఫ్రికా దేశాలకి ఇచ్చే అప్పు లైన్లూ అంతే. ఇచ్చేది ఎగ్జిమ్ బ్యాంకు (ఎగుమతి దిగుమతులకి అప్పులిచ్చే ప్రభుత్వ బ్యాంకు), హామీ కేంద్రానిది. తక్కువ వడ్డీకి ఇవ్వడం వల్ల బ్యాంకుకి తగ్గేది ఆర్థిక శాఖ పద్దులోంచి పూడుస్తారు. ఆ దేశం మనల్ని ముంచితే ఆ నష్టం కూడా ఎప్పుడో ఆర్థిక శాఖ పద్దులో కనిపిస్తుంది. కాబట్టి విదేశాంగ సంఘం ముందు బల్ల మీద ఉండేది గ్రాంట్ల కాగితం ఎక్కువ, అప్పుల కాగితం తక్కువ. ఆర్థిక శాఖని చూసే సంఘానికేమో ఇది సముద్రంలో చిన్న అల.

ఇంకోటి, బడ్జెట్ అంకె ఒక్కటే చూడకండి, సవరించిన అంచనా కూడా చూడండి. 2023-24లో మాల్దీవులకి మొదట రాసింది 400 కోట్లు, సవరణలో 770 కోట్లయింది. ఏడాది మధ్యలో అనుబంధ పద్దులు గుంపుగా వచ్చి గుంపుగా పాసవుతాయి. ఆ పెంపు గురించి సభలో ఎంతమంది నోరు విప్పారో మీరే చూడండి.

జీడితోట (పలాస)

పదకొండు పైసలు అన్న మాట ఒప్పుకుంటాను మాస్టారూ. మా మండలంలో ఉపాధి హామీ పనికి సోషల్ ఆడిట్ పెట్టి, మస్తర్లు ఊరందరి ముందు చదివి, చనిపోయినవాడి పేరు మీద కూలి పడితే అక్కడే నిలదీస్తారు. నాకు కావాల్సింది ఆ నిలదీయడం. ఇస్తే ఇవ్వండి, కానీ చదివి వినిపించండి.

కోట జంక్షన్ పెద్దాయన (విజయనగరం)

మా ఎంపీ గారి ఆఫీసుకి ఇవ్వడానికి ఒక ప్రశ్న రాశాను. చూసి చెప్పండి. "పొరుగు దేశాల్లో భారత్ సాయంతో నడుస్తున్న ప్రాజెక్టుల మొదటి అంచనా, సవరించిన అంచనా, ఇప్పటిదాకా విడుదల చేసిన గ్రాంటు, అప్పు విడివిడిగా, పూర్తికావాల్సిన తేదీ, వాటిని ఆడిట్ చేసిందెవరు, ఆ నివేదికలు సభ ముందు ఉంచారా, ఉంచకపోతే కారణం."

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

'పొరుగు దేశాలు' తీసేసి దేశం పేరు, ప్రాజెక్టు పేరు రాయండి. లేకపోతే ఒక పట్టిక పడేసి, 'ఎప్పటికప్పుడు సమీక్షిస్తున్నాం' అనే ముక్క అతికించి పంపేస్తారు. నక్షత్రం గుర్తు ప్రశ్న (మంత్రి సభలో నోటితో జవాబు చెప్పేది) కోసం ఆశపడకండి, రోజుకి ఇరవయ్యే, లాటరీలో రావాలి. రాత జవాబు వచ్చేవి రోజుకి 230 దాకా ఉంటాయి, మీకు కావాల్సింది అంకెలే కాబట్టి అదే మేలు. నోటీసు కనీసం పదిహేను రోజుల ముందు ఇవ్వాలి. అప్పు లైన్ల ప్రశ్న దీంట్లో కలపకండి, అది ఆర్థిక శాఖకి వేరే కాగితం మీద.