దయానిధి ఒక్కొక్కరికి ఒక్కోలా ఎందుకు నచ్చుతాడు? చర్చలు నడిపినవాళ్లు చెప్పండి

అనంతపురంలో బుచ్చిబాబు నవల 'చివరకు మిగిలేది' మీద పదిహేను మందితో చర్చ పెడుతున్నాం. దాని కథానాయకుడు దయానిధి ఏ పాఠకుల మనసును ఎందుకు పట్టుకుంటాడన్నదే విషయం. తల్లి మీద లోకం వేసిన నింద మోసే కొడుకుగా కొందరికి దగ్గరవుతాడు. కోమలి, అమృతం అనే స్త్రీల దగ్గర అతని తటపటాయింపు కొందరికి తమదే అనిపిస్తుంది, ఇంకొందరికి ఒళ్లు మండుతుంది. మండినవాళ్లు కూడా పుస్తకం మాత్రం వదలరు, అదే విచిత్రం!

"నచ్చాడా?" అని నేరుగా అడిగితే జాలి, మెచ్చుకోలు, తమతో పోలిక అన్నీ కలగలిసిపోతాయి. పైగా మొదట మాట్లాడినవారి వెంటే మిగతావాళ్లు పోతారు. అందుకే నోరు విప్పకముందే చీటీల మీద రాయించాలని ఆలోచన: ఏ ఘట్టంలో అతని పక్షాన ఉన్నారు, ఎక్కడ విడిచేశారు. ముద్రణలు వేరైతే పేజీ నంబర్లు కలవవు, కాబట్టి ఆ ఘట్టంలో మొదటి వాక్యం రాయమంటాం.

చీటీలను వయసు, ఆడ, మగ అని వేరుచేస్తే జవాబు మనమే ముందు ఊహించినట్టు అవుతుందా? కలిపి చదివి, ఆ వివరాలు తర్వాత అడగడం మేలా? నవల పూర్తిగా చదవనివాళ్లు నలుగురైదుగురు వస్తారు. వాళ్లకు ముందుగా ఏ రెండు ఘట్టాలు ఇవ్వాలి? రెండు గంటల్లో ముగించాలి.