టామ్‌క్యాట్ క్లస్టర్: ఒక నోడ్ ఆపితే లాగిన్ ఎగిరిపోతోంది, మల్టీకాస్ట్ లేకుండా ఎలా?

ముందు అపాచీ 2.4 వెబ్ సర్వర్, వెనక రెండు టామ్‌క్యాట్ 9 (జావా వెబ్ యాప్‌లు నడిపే సర్వర్) నోడ్లు. రిక్వెస్ట్‌లు పంచే మాడ్ ప్రాక్సీ బ్యాలెన్సర్‌లో స్టిక్కీ సెషన్ (ఒక యూజర్‌ని ఎప్పుడూ అదే నోడ్‌కి పంపడం) పెట్టాం. బ్యాలెన్సర్‌లోని రూట్ పేర్లు, సర్వర్ ఎక్స్ఎంఎల్‌లో నోడ్ పేరు చెప్పే జేవీఎం రూట్ సరిపోలుతున్నాయి, కుకీ చివర ".నోడ్1" కనిపిస్తోంది. అంటే లోడ్ పంచడంలో తేడా లేదు.

నోడ్1 ఆపితే రిక్వెస్ట్ నోడ్2కి వెళ్తోంది కానీ మళ్లీ లాగిన్ పేజీ వస్తోంది. సెషన్ మార్పుల్ని మిగతా నోడ్లకి కాపీ చేసే డెల్టా మేనేజర్ ఉంది, వెబ్ ఎక్స్ఎంఎల్‌లో డిస్ట్రిబ్యూటబుల్ ట్యాగ్ (యాప్‌ని చాలా నోడ్లలో నడపొచ్చని చెప్పేది) ఉంది, సెషన్‌లో పెట్టే క్లాసులన్నీ సీరియలైజబుల్ (బైట్లుగా మార్చి పంపగలిగేవి). లాగ్‌లో మాత్రం మెంబర్ యాడెడ్ (ఇంకో నోడ్ క్లస్టర్‌లో చేరింది) అన్న లైనే లేదు. టీసీపీ డంప్‌లో (నెట్‌వర్క్ ప్యాకెట్లు చూపే టూల్) చూస్తే నోడ్1 నుంచి టామ్‌క్యాట్ మల్టీకాస్ట్ అడ్రస్ 228.0.0.4, పోర్ట్ 45564కి ప్యాకెట్లు పోతున్నాయి, నోడ్2కి ఒక్కటీ చేరట్లేదు. క్లౌడ్ నెట్‌వర్క్ కదా, మల్టీకాస్ట్‌ని (ఒకేసారి గ్రూపు మొత్తానికి పంపే ప్యాకెట్లు) మింగేస్తోంది.

అందుకే స్టాటిక్ మెంబర్‌షిప్‌కి (నోడ్ల జాబితా మనమే రాసిపెట్టడం) మారుతున్నాం: మల్టీకాస్ట్ ఆపడానికి ఛానెల్ స్టార్ట్ ఆప్షన్స్ 3, రిసీవర్‌కి అసలు ఐపీ, పోర్ట్ 4000, ఒక్కో నోడ్‌కి వేరే యునిక్ ఐడీ. ఫైర్‌వాల్‌లో 4000 రెండు వైపులా తెరిచాం.

స్టాటిక్ మెంబర్‌షిప్ ఇంటర్‌సెప్టర్‌ని (ఇంటర్‌సెప్టర్ అంటే క్లస్టర్ మెసేజ్‌లు దాటే దారిలో ఉండే భాగం) టీసీపీ ఫెయిల్యూర్ డిటెక్టర్‌కి (నోడ్ నిజంగా పడిపోయిందా అని చూసేది) కిందే పెట్టాలా? పడిపోయిన నోడ్ తిరిగి లేస్తే గుర్తించడానికి టీసీపీ పింగ్ ఇంటర్‌సెప్టర్ తప్పనిసరా? నడుస్తున్న కాన్ఫిగ్ ఉన్నవాళ్లు ఆ ఇంటర్‌సెప్టర్ల వరుస మాత్రం పెట్టండి, చాలు.